గుణదల లాటిన్ మాస్టారు

బాలశౌరి గారికి లాటిన్ రాదు.

ఈ మాట గుణదలలో ఎవరితో అన్నా నా మీదికి కొట్టడానికొస్తారు. కొండ కింద కొవ్వొత్తులమ్మే వాళ్ళ దగ్గర్నుంచి కొండ మీద చర్చిలో చీపురు పట్టే మనిషి దాకా ఆయన్ని లాటిన్ మాస్టారనే పిలుస్తారు. కరెంటు బిల్లు ఇచ్చే కుర్రాడు కూడా గేటు దగ్గర నిలబడి ఆ పేరుతోనే కేకేస్తాడు. భార్య పోయి పదేళ్ళయింది, పిల్లలు లేరు. ఆయనకంటూ మిగిలింది ఆ మూడు గదుల ఇల్లూ, ఆ పేరూ. ఆ పేరు ఎక్కడ పోతుందోనని డెబ్భై నాలుగేళ్ళ మనిషి లోపల్లోపల ఎంత వణికిపోయేవారో నాకు తెలిసేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

నా పేరు రేణుక. ఆయన మేడ మీద గదిలో ఆరేళ్ళుగా అద్దెకుంటున్నాను. మాది పెడన. మా నాన్న వెంకటప్పయ్య కలంకారీ అద్దకానికి టేకు చెక్క మీద అచ్చులు చెక్కేవాడు. నేను విజయవాడలో మనుషుల ఒంటి మీద టాటూలు వేస్తాను. నాకు కోపం ఎక్కువ, నోరు అంతకంటే ఎక్కువ. ఇందులో జరిగిన తప్పు సగం ఆయనదైతే సగం నా నోటిది. నన్ను నేను వెనకేసుకొస్తున్నానని ఎవరూ అనుకోకుండా ముందే చెప్పేస్తున్నాను.

ఆయన పుట్టింది చల్లపల్లి దగ్గర ఒక పల్లెలో. తండ్రి పొలాల్లో కూలికి వెళ్ళేవాడు. ఊళ్ళో తాటాకులు కప్పిన చిన్న చర్చి ఉండేదట. వారానికొకసారి పాల్ ఫాదరని ఒక ఇటలీ దేశస్థుడు సైకిలు తొక్కుకుంటూ వచ్చి పూజ చేసేవాడు. అప్పట్లో పూజంతా లాటిన్‌లోనే. ఫాదర్ ఒక మాట అంటే పీఠం కింద మోకరించిన పిల్లవాడు దానికి జవాబు చెప్పాలి. తొమ్మిదేళ్ళ బాలశౌరికి ఆ పని అప్పగించారు. జవాబులన్నీ తెలుగు అక్షరాల్లో రాసిన నోటుపుస్తకం ఒకటి చేతికిచ్చారు. అర్థం ఎవరూ చెప్పలేదు, ఈయనా అడగలేదు. ఏ మాటకు గంట కొట్టాలి, ఏ మాటకు నీళ్ళందించాలి, ఏ మాటకు గుప్పిట బిగించి గుండె మీద మూడుసార్లు కొట్టుకోవాలి, ఇదే ఆయన చదువు. ఒక్క తప్పు లేకుండా జవాబులు చెప్పిన రోజున పాల్ ఫాదర్ అందరి ముందూ ఈయన తల మీద చెయ్యి వేసి మెచ్చుకునేవాడు. కూలివాడి కొడుకుని ఊళ్ళో అలా మెచ్చుకున్న మనిషి మరొకడు లేడు.

ఈయనకు పదిహేనేళ్ళు వచ్చేసరికి పూజ తెలుగులోకి మారిపోయింది. ఊరంతా సంబరపడింది, అర్థమయ్యే భాషలో దేవుడితో మాట్లాడుకోవచ్చని. బాలశౌరి గారు మాత్రం ఇంటి వెనక కూర్చుని ఏడ్చారట. అప్పటిదాకా తనకొక్కడికే తెలిసిన మాటలవి, ఒక్క ఆదివారంతో ఎవరికీ పనికిరాకుండా పోయాయి. చదువు సాగలేదు. గుణదల వచ్చి ఒక మేస్త్రి దగ్గర సమాధి రాళ్ళ మీద అక్షరాలు చెక్కడం నేర్చుకున్నారు.

ఆ పనిలో మాత్రం ఆయన్ని మించినవాళ్ళు లేరు. అబద్ధం కాదు, అక్షరాల సంగతి నాకు తెలుసు. ఒకసారి పెద్ద కుటుంబం వాళ్ళెవరో తండ్రి సమాధి చెక్కిస్తూ, "ఫాదర్ల సమాధుల మీద ఉంటుందే లాటిన్ ముక్క, అలాంటిది మా నాన్నకీ పెట్టరాదూ?" అన్నారట. ఈయన తనకు నోటికొచ్చిన జవాబుల్లోంచి ఒకటి తీసి, చర్చిలో అటకెక్కిన పాత పూజ పుస్తకం తిరగేసి స్పెల్లింగు చూసుకుని చెక్కేశారు. వాళ్ళు మురిసిపోయి, "నీకు లాటిన్ వచ్చా బాలశౌరీ?" అని అడిగారు. "ఏదో కొద్దిగా అండీ," అన్నారు ఈయన. ఆ 'కొద్దిగా'ను అందరూ వినయం అనుకున్నారు. వారం తిరక్కుండానే మాస్టారైపోయారు.

ఇక అక్కడ్నుంచి ఎవరికేం కావాలన్నా ఈయన దగ్గరికే. ఒకాయన కొత్త ఇంటి గోడ మీద పెట్టుకోవడానికి ఒక వాక్యం అడిగితే ఇల్లన్న మాట అందులో వస్తుందని ఎవరో అనగా విన్న ప్రార్థన ముక్క రాసిచ్చారు. నా ఇంట్లోకి మీరు రావడానికి నేను తగను అని దాని భావమట. ఆ ఇంటికొచ్చే చుట్టాలందరూ దాని పక్కన నిలబడి ఫోటోలు దిగారు. ఇంకొకాయన కోచింగ్ సెంటర్ బోర్డుకి అడిగితే పూజ ముగిసినప్పుడు ఫాదర్ చెప్పే మాట ఇచ్చారు, అది వినగానే పిల్లలు హుషారుగా బయటికి పరిగెత్తేవాళ్ళని. అయిపోయింది, ఇక వెళ్ళండని దాని భావం! ఎవరైనా అర్థం అడిగితే "దీవెన అండీ," అనేవారు. ఇవన్నీ తర్వాత ఆయన నోటితోనే విన్నాను. మామూలు రోజుల్లో వినుంటే పడీ పడీ నవ్వేదాన్ని.

నాకు ఆయనంటే ఎంత ఇష్టమో చెప్పకపోతే ఇది సగం కథే అవుతుంది. మా నాన్న పోయాక అక్షరాన్ని అలా చూసే మనిషి నాకు మళ్ళీ దొరకలేదు. నేను మేడ మెట్ల మీద కూర్చుని డిజైన్లు గీసుకుంటుంటే వచ్చి కళ్ళద్దాలు సర్దుకుని, "ఏమ్మా పచ్చబొట్టూ, ఆ రెండక్షరాల మధ్య గాలెక్కువైంది, కాస్త దగ్గరికి జరుపు," అనేవారు. జరిపితే నిజంగానే బాగుండేది. నాకు కామెర్లొచ్చి మంచం పట్టినప్పుడు పన్నెండు రోజులు మజ్జిగన్నం కలిపి మేడెక్కి తెచ్చిచ్చారు. మా వాళ్ళెవరూ తొంగి కూడా చూడలేదప్పుడు. అందుకే ఆయన్ని ఎవరైనా ఒక్క మాటంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

కిందటేడు ఆషాఢంలో రుచిత మా షాపుకొచ్చింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. వాళ్ళకి వన్ టౌన్‌లో బట్టల కొట్టుంది, ఇల్లు భవానీపురం. ఆషాఢం డిస్కౌంట్ల రద్దీలో కొట్లో అందరూ ఊపిరాడకుండా ఉంటే చల్లగా జారుకుని వచ్చింది. జుట్టు చెవుల దాకానే ఉంది. ఫ్యాషననుకున్నాను.

"అక్కా, 'స్టిల్ హియర్. సారీ!' ఈ రెండు ముక్కలూ నాకు లాటిన్‌లో కావాలి," అంది.

"లాటిన్ ఎందుకమ్మా, ఇంగ్లీషులోనే బాగుంది కదా?"

"ఇంగ్లీషైతే మా పిన్నులు చదివేస్తారు. మా అమ్మ చదివిందంటే ఏడ్చి చస్తుంది."

అప్పుడు చెప్పింది. మూడేళ్ళ కిందట మెడ దగ్గర గడ్డ కనిపించిందట. క్యాన్సరన్నారు. ఏడాదిన్నర వైద్యం, జుట్టంతా ఊడిపోవడం, కుదిరిన సంబంధం తప్పిపోవడం. ఇప్పుడు తగ్గింది. "తగ్గిందని నేను చెప్తే ఎవరూ నమ్మరక్కా. ఏ ఫంక్షనుకెళ్ళినా నన్ను చూడగానే మొహాలు అదోలా పెడతారు. నిన్నగాక మొన్న ఒకావిడ నన్ను చూసి, ఇంకా ఉందా అని పక్కావిడతో అంటుంటే నా చెవులారా విన్నాను. పాపం, అంతమందిని ఎదురుచూసేలా చేస్తున్నాను కదా, ఒక సారీ పడేద్దామని!" అని పకపకా నవ్వింది.

నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆ పిల్ల అంది, "మా అమ్మది ఇంకో గోలక్కా. హాస్టల్లో ఉన్నప్పుడు ఆ నూడుల్సు తిని, ఆ కూల్ డ్రింకులు తాగి చేజేతులా తెచ్చుకున్నావే, తప్పంతా నీదేనే అంటుంది. రిపోర్టు వచ్చిన రోజు నుంచి అదే పాట." ఈసారి నవ్వు కాస్త తగ్గింది.

వాట్సాప్‌లో రాసి పంపమంటే వద్దంది. వాళ్ళమ్మ ఫోన్ చూస్తుందట. "నోటితో చెప్పాను కదా, గుర్తుపెట్టుకో. ఫోన్ని అడిగితే మూడుసార్లకి మూడు రకాలు చెప్పింది, భయమేసి చెరిపేశాను. తప్పు లాటిన్ వేయించుకుని ఎవడో ఏడుస్తున్న వీడియో కూడా చూశా. లాటిన్ వచ్చిన మనిషి కావాలక్కా."

"మనిషున్నారు," అన్నాను, నేనేదో ఘనకార్యం చేసినట్టు. "మా ఇంటి ఓనరే."

మర్నాడు సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళాను. మాస్టారు వరండాలో కుర్చీలో ఉన్నారు. రుచిత ఇంగ్లీషు ముక్క చెప్పింది. ఆయన తెలుగులో చెప్పమన్నారు.

"పోలేదండీ, ఇంకా ఇక్కడే ఉన్నాను, సారీ అని. కొంచెం వెటకారంగా ఉండాలి తాతయ్యా."

"ఎవరితో అంటున్నావు తల్లీ?"

"అందరితోనూ."

ఆయన ఆ పిల్ల మెడ కింద మచ్చ వంక చాలాసేపు చూశారు. మచ్చ గురించి ఏమీ అడగలేదు. "రెండు రోజులు టైమివ్వు," అన్నారు.

నాకు లాటిన్ రాదమ్మా అని ఒక్క మాట అనుంటే ఆ రోజుతో పోయేది. అనలేదు. యాభై ఏళ్ళ పేరుని ఒక చిన్నపిల్ల ముందు, అందులోనూ నా ముందు పోగొట్టుకోవడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. ఆ రెండు రోజులూ పాత పూజ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అన్నం కూడా సరిగ్గా తినకుండా కూర్చున్నారు. పెద్దాయన ఒక ఆడపిల్ల కోసం ఎంత కష్టపడుతున్నారో అని నేను ముచ్చటపడ్డాను.

మూడో రోజు కాగితం ఇచ్చారు. రెండు వరుసలు, ముత్యాల్లాంటి అక్షరాలు. రుచిత చూసి కళ్ళు పెద్దవి చేసింది. ఆ తర్వాత అలవాటుగా బ్యాగులోంచి ఫోన్ తీసింది. "ఊరికే అక్కా, ఒకసారి ఇందులో కూడా చూద్దామా?"

అంతే, నాకు తిక్క రేగింది. "ఏంటమ్మా, యాభై ఏళ్ళుగా రాస్తున్న మనిషికి నీ ఫోను పరీక్ష పెడుతుందా? మొన్న నువ్వే కదా ఫోన్ని నమ్మనన్నావు? నమ్మకం లేకపోతే ఇంకో షాపు చూసుకో!"

పిల్ల బిక్కచచ్చిపోయింది. "సారీ అక్కా, సారీ తాతయ్యా," అని ఫోన్ లోపల పెట్టేసింది. అప్పుడు మాస్టారు ఏదో చెప్పబోతున్నట్టు నోరు తెరిచారు. నేను చూశాను. "మీరుండండి మాస్టారూ," అన్నాను. ఆయన నోరు మూసుకున్నారు. ఆ ఒక్క మాట నేను అనకుండా ఉండాల్సింది. ఇప్పటికీ అన్నం ముందు కూర్చుంటే ఆ మాటే గుర్తొస్తుంది.

వాళ్ళ డాక్టరుని అడిగి, ఆయన సరేనన్నాకే వేశాను. ఎడమవైపు మెడ ఎముక కింద, మందు ఎక్కించే గొట్టం పెట్టి తీసిన మచ్చ పక్కన. నా చేత్తో వేసినవాటిలో అంత చక్కటి అక్షరాలు ఇంకెక్కడా లేవు. రుచిత అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, "ఎంత పొగరుగా ఉందో చూడక్కా!" అంది. నన్ను గట్టిగా పట్టుకుని ముద్దు పెట్టుకుంది.

నాలుగు నెలలు ఆ పిల్ల ఆనందానికి హద్దు లేదు. పెళ్ళిళ్ళకి మెడ దించి కుట్టించుకున్న జాకెట్లు వేసుకుని వెళ్ళేది. ఎవరైనా ఏమిటది అనడిగితే, "లాటిన్ పిన్నీ, మీకు రాదులే," అనేదట. ఆ సంగతులన్నీ ఫోన్ చేసి నాకు చెప్పి నవ్వేది. ఇంట్లో వాళ్ళమ్మ నాగవేణి గారు చూసి నెత్తీనోరూ కొట్టుకుంది. అర్థం చెప్పమంటే, "తర్వాత చెప్తాలేవే," అని తప్పించుకుందట. అమ్మ దగ్గర మాత్రం ఆ వేళాకోళం ఆడలేకపోయింది.

కార్తీకమాసంలో మామూలు చెకప్‌కి వెళ్ళింది. స్కానింగ్ గదిలో బాగా ముసలి సిస్టర్ ఒకావిడ, కన్యాస్త్రీ, గౌను సర్దుతూ ఆ అక్షరాలు చూసిందట. చదివి, రుచిత బుగ్గ నిమిరి అడిగిందట, "అంత తప్పేం చేశావమ్మా, గుండెల మీద రాయించుకున్నావు?"

రుచిత అక్కడ్నుంచి సరాసరి నా షాపుకొచ్చింది. ఏడవడం లేదు. అదే చూసి నాకు భయం వేసింది. "అక్కా, నిజం చెప్పు, నీకు తెలిసే వేశావా?" అంది. జరిగిందంతా చెప్పింది. షట్టరు దించేసి స్కూటీ మీద ఎక్కించుకుని ఇంటికొచ్చాను.

"మాస్టారూ! ఏం రాశారు మీరు? ఈ పిల్ల ఒంటి మీద ఏం రాయించారు నా చేత?" వరండా మెట్ల మీద నుంచే అరిచాను.

ఆయన లేచి నిలబడ్డారు. మళ్ళీ కూర్చున్నారు. ఇన్నేళ్ళుగా ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు ఇలా అడుగుతారని ఎదురుచూస్తున్న మనిషిలాగే ఉన్నారు.

"పూజ అయిపోగానే అందరూ వెళ్ళిపోతారు తల్లీ," అన్నారు రుచిత వంక చూస్తూ. "ఒక్క శవపూజకే ఎవరూ కదలరు. ఫాదర్ పెట్టె దగ్గరికొచ్చి సాంబ్రాణి ఊపుతూ ఒక మాట పాడతాడు. అంతా అయిపోయినా ఇంకా అందరం అక్కడే నిలబడి ఉంటాం. నువ్వు ఇంకా ఇక్కడే ఉన్నానన్నావు కదా, నాకు అదే తట్టింది. సారీ అన్నావు. గుండె మీద కొట్టుకునేటప్పుడు చెప్పే మాట ఉంది, అది కింద పెట్టాను. నాకు తెలిసిందంతా అంతే. ఒంటికి తెలుసు, నోటికి తెలుసు. అర్థం తెలియదు. నాకు లాటిన్ రాదు తల్లీ."

పైవరుస శవపేటిక దగ్గర పాడే మాట. కిందివరుస నా తప్పే, నా తప్పే అని. సిస్టర్ చెప్పింది కూడా అదే.

"మా అమ్మ రోజూ అనేదే కదా తాతయ్యా ఇది," అంది రుచిత. అప్పటిదాకా పట్టుకున్నది కాస్తా తెగిపోయింది. "ఆ మాట వినలేకే కదా నేను మీ దగ్గరికొచ్చాను! రాదని చెప్పేస్తే మీ సొమ్మేం పోయేది? ఏం పోయేది మీకు?"

ఆయన రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చారు. ముసలివాళ్ళు ఏడిస్తే చూడలేం. నేను ఏం చేయాలో తోచక, "పదవే, ఇప్పుడే పద. దాని మీద పెద్ద తామరపువ్వు వేసేస్తా, ఒక్క గీత కనపడదు," అన్నాను.

"వద్దక్కా. స్కాన్‌లో మళ్ళీ కనపడింది. సోమవారం నుంచి మళ్ళీ కీమో. ఇక టాటూ సూది పడకూడదన్నారు."

రెండు వార్తలూ ఒకేసారి మోసుకుని వచ్చిందా పిల్ల.

తనే కళ్ళు తుడుచుకుంది. "ఆదివారం గుళ్ళో అందరి ముందూ చెప్పేస్తాను తల్లీ, నాకు రాదని," అన్నారు మాస్టారు. రుచిత తల అడ్డంగా ఊపింది. "మీ పరువు తీసి నేనేం చేసుకుంటాను? ఎవరికీ చెప్పకండి. అక్కా, నువ్వు కూడా. చదవగలిగినవాళ్ళు ఊరు మొత్తానికి ఎందరున్నారు? నేను చెప్పిందే దానర్థం, అంతే." వెళ్ళేటప్పుడు ఆయన భుజం మీద చెయ్యి వేసి వెళ్ళింది. అంత మనసు నాకు లేదు. ఆ తర్వాత నెల రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు.

ఆయన ప్రతి ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని గుడికి వెళ్ళేవారు, చెప్పేద్దామని. చెప్పకుండానే తిరిగొచ్చేవారు. ఒకరోజు మెట్ల దగ్గర నన్ను ఆపి, "నోరు పెగల్లేదమ్మా," అన్నారు. రుచిత చెప్పొద్దంది కదా అని సాకు ఉంది. కానీ అది సాకేనని ఆయనకూ తెలుసు.

ఆసుపత్రికి నేను రెండుసార్లు వెళ్ళాను. రెండోసారి నాగవేణి గారు గుమ్మంలోనే ఆపేసింది. "బిడ్డ ఒంటిని పాడుచేసింది చాలదా?" అంది. తిరిగొచ్చేశాను. ఆ మనిషితో పోట్లాడటానికి నాకు కూడా కోపం చాలలేదు. జనవరి నెలాఖరులో రుచిత పోయింది. దూరంగా నిలబడి చూసి వచ్చాను. మాస్టారు రాలేకపోయారు.

పెద్దకర్మ అయిన మూడో రోజు నాగవేణి గారు గుణదల వచ్చింది. కొండ మీద తిరునాళ్ళు, వీధంతా జనం. పొద్దున పదిన్నరప్పుడు ఆటో దిగి, దారి అడుక్కుంటూ ఒక్కతే వచ్చి గేటు దగ్గర నిలబడింది.

"లాటిన్ మాస్టారిల్లు ఇదేనాండీ?"

నేను మెట్లు దిగి వచ్చేసరికి ఆవిడ వరండాలో కూర్చుని ఫోన్ ఆయన చేతికిస్తోంది. ఆసుపత్రి గౌనులో రుచిత. మెడ కింద ఆ రెండు వరుసలు.

"ఇది రాసిచ్చింది మీరేనటగా అండీ. ఎన్నిసార్లు అడిగినా తర్వాత చెప్తానే అంది. ఆ తర్వాత అనేది రానే లేదు. మా అక్క కొడుకు నిన్న ఫోన్లో పెట్టి చూశాడు. నా తప్పే, నా తప్పే అని ఉందన్నాడు. నిజమేనాండీ?"

"ఆ మాట నిజమేనమ్మా. కానీ..."

"ఆ మాట నాదండీ." ఆవిడ గొంతు వణకలేదు, అరిగిపోయినట్టుంది. "మొదటి రిపోర్టు చేతికొచ్చిన రోజు అన్నాను, తప్పు నీదేనే అని. ఎవరి మీద ఏడవాలో తెలీక దాని మీద ఏడ్చాను. ఆ తర్వాత కూడా ఊరుకోలేదు. కంచం ముందు అన్నాను, బస్సులో అన్నాను. నవ్వేసేది. నవ్వుతోంది కదా, పట్టించుకోవడం లేదనుకున్నానండీ. నా మాట తీసుకెళ్ళి గుండెల మీద రాయించుకుంది నా తల్లి. అలాగే కాలిపోయింది."

అప్పుడు బాలశౌరి గారు అన్నారు. యాభై ఏళ్ళలో ఊరివాళ్ళెవరి ముందూ అనలేని మాట, ఒక్క క్షణం కూడా ఆగకుండా అన్నారు.

"అమ్మా, నాకు లాటిన్ రాదు. మీ అమ్మాయి రాయమన్నది అది కాదు. ఇంకా ఉన్నాను, సారీ అని రాయమంది. నవ్వుతూ అడిగింది, వెక్కిరిస్తూ అడిగింది. చుట్టాల్ని ఏడిపించడానికి అడిగింది. తప్పు అన్న మాటే దాని నోట్లోంచి రాలేదమ్మా. తెలియక నేను పెట్టాను. చిన్నప్పుడు వల్లె వేసినవి తప్ప నాకు ఒక్క ముక్క రాదు. ఊళ్ళో అందర్నీ మోసం చేశాను. మీ బిడ్డని కూడా చేశాను."

ఆవిడ ఆయన వంకే చూస్తూ విన్నది. నేను ముందుకొచ్చి, "నిజమేనండీ, నా ఎదురుగానే అడిగింది. ఒట్టు," అన్నాను. నా వైపు తల తిప్పలేదు.

"ఎంత మంచివారండీ మీరు," అంది.

మాస్టారికి అర్థం కాలేదు.

"కన్నతల్లి తట్టుకోలేదని మీ పరువు మీరే తీసుకుంటున్నారు. మీవంటివాళ్ళు ఎవరుంటారండీ ఈ రోజుల్లో?"

"కాదమ్మా, నిజంగా రాదు!" ఆయన లోపలికి పరుగులాంటి నడకతో వెళ్ళి పూజ పుస్తకం తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టారు. "ఏ పేజీ అయినా తియ్యి. ఏ మాటైనా చూపించు. అర్థం చెప్పలేనమ్మా. ఇదుగో, ఇది తెలియదు. ఇదీ తెలియదు. ఇది కూడా తెలియదు నాకు."

నాగవేణి గారు ఆ పుస్తకాన్ని నెమ్మదిగా మూసి ఆయన చేతికే ఇచ్చేసింది. "ఆటో దిగిన దగ్గర్నుంచి ఎవర్నడిగినా మీ గురించి ఒకటే చెప్పారండీ, ఇంత లాటిన్ వచ్చిన మనిషి ఈ చుట్టుపక్కల లేరని. యాభై ఏళ్ళు అందరికీ రాసిచ్చారు. నా బిడ్డ దగ్గరికొచ్చేసరికే రాకుండా పోయిందా మాస్టారూ?"

లేచి, కొంగుతో మొహం తుడుచుకుని ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఆయన వెనక్కి జరగబోయి గోడకి తగులుకున్నారు. ఆవిడ గేటు తీసుకుని వెళ్ళిపోయింది.

మాస్టారు చెప్పులు లేకుండా వెంటపడ్డారు. "అమ్మా, నాకు రాదమ్మా! నాకు లాటిన్ రాదు!" అని వీధిలో అరుస్తుంటే తిరునాళ్ళకొచ్చిన జనం ఆగి చూశారు. తెలిసినవాళ్ళు నవ్వారు. ఒకాయన, "మాస్టారికి రాకపోతే ఇంకెవరికొస్తుందండీ," అని పక్కవాడితో అన్నాడు. నాగవేణి గారు ఆటో ఎక్కి, లోపల్నుంచి మళ్ళీ ఒకసారి చేతులు జోడించింది. ఆటో జనంలో కలిసిపోయాక కూడా ఆయన రోడ్డు మధ్యలోనే నిలబడి, పక్క నుంచి వెళ్ళే ప్రతి మనిషినీ ఆపి, నాకు రాదండీ, నిజంగా రాదండీ అని చెబుతూనే ఉన్నారు. ఒక్కరూ నమ్మలేదు.